జనాభా పట్టికలో కనబడని సంఘం, ఎన్నికల లెక్కల్లో వెదకబడే సంఘం

నందిగామ, జగ్గయ్యపేట పక్కపక్క నియోజకవర్గాలు. మొదటిది 2009 నుంచి షెడ్యూల్డు కులాలకు రిజర్వు అయింది, రెండోది జనరల్. అయినా అప్పటి నుంచి జరిగిన ప్రతి సాధారణ ఎన్నికలో రెండూ ఒకే వైపు మొగ్గాయి. 2009లోనూ 2014లోనూ రెండు చోట్లా తెలుగుదేశం గెలిచింది. 2019లో రెండూ వైఎస్సార్ కాంగ్రెస్‌కు దక్కాయి. నందిగామలో మొండితోక జగన్మోహనరావు, జగ్గయ్యపేటలో సామినేని ఉదయభాను గెలిచారు. 2024లో తంగిరాల సౌమ్య, శ్రీరాం రాజగోపాల్ మళ్లీ రెండింటినీ తెలుగుదేశానికి తెచ్చారు. ఫలితాలు వచ్చిన ప్రతిసారీ మన మందిరాల ముందు, ఆరాధన ముగిసి చెప్పులు వేసుకుంటుండగా వినబడే ప్రశ్న ఒకటే: "ఈసారి మనవాళ్లు ఎటు వేశారంటారు?"

ఈ ప్రశ్నలో "మనవాళ్లు" అన్న మాట దగ్గరే మేము ఆగవలసి వస్తోంది. చెవిటికల్లులో గాని, పక్కనున్న కంచికచర్లలో గాని, మునేరు దాటి నందిగామలో గాని క్రైస్తవుల ఓటు అనే ముద్ద ఒకటి ఉందని పార్టీలు నమ్ముతున్నాయి, టీవీ చర్చల్లో కూర్చున్నవారు నమ్ముతున్నారు, మన కాపరుల్లో కొందరు కూడా నమ్ముతున్నారు. నమ్మితే వారికి కొంత గౌరవం దక్కుతుంది గనుక ఆ నమ్మకాన్ని మేము అర్థం చేసుకోగలం. కాని అంకెలు ఆ నమ్మకాన్ని బలపరచడం లేదు.

ముందు రాష్ట్రం మొత్తం చూద్దాం. 2019లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు దాదాపు 50 శాతం ఓట్లు, 151 సీట్లు వచ్చాయి. తెలుగుదేశానికి 39 శాతం పైచిలుకు ఓట్లు, 23 సీట్లు. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు 39 శాతం పైచిలుకు ఓట్లు, 11 సీట్లు. రెండు సార్లూ ఓడిన పార్టీ వెనుక నిలిచినవారు పదిమందిలో నలుగురు. ఓడిన పార్టీ తుడిచిపెట్టుకుపోయిందని 2019లో అన్నవారూ తప్పే చెప్పారు, 2024లో అన్నవారూ తప్పే చెప్పారు. కదిలింది నూటికి పదిమంది మాత్రమే. ఆ పదిమంది కదలడానికి తోడు, విడివిడిగా పోటీ చేసిన వారు ఒక్కటయ్యారు. 2019లో జనసేన ఒంటరిగా అయిదున్నర శాతం ఓట్లు తెచ్చుకుని ఒక్క సీటు గెలిచింది. 2024లో అదే పార్టీ పొత్తులో ఉండి ఏడు శాతంలోపు ఓట్లతోనే, పోటీ చేసిన 21 స్థానాలనూ గెలుచుకుంది. ఓటర్లు అంతగా మారలేదు, కూడిక మారింది.

ఇక రిజర్వుడు స్థానాలు. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీలకు కేటాయించినవి 29. 2019లో వాటిలో 27 వైఎస్సార్ కాంగ్రెస్ గెలిచింది. 2024లో ఆ పార్టీకి మిగిలినవి రెండే, బద్వేలు, యర్రగొండపాలెం. మిగతా 27 కూటమికి పోయాయి. అంకె అదే, తిరగబడింది. పాత కృష్ణా జిల్లాలోని మూడు రిజర్వుడు స్థానాలు, అంటే తిరువూరు, నందిగామ, పామర్రు, రెండు సార్లూ గాలి ఎటు వీస్తే అటే వెళ్లాయి. దీన్ని చూసి "దళితులు ఒక్కసారిగా పార్టీ మార్చారు" అని రాసినవారు ఉన్నారు. మేము అలా చదవడం లేదు. రిజర్వుడు స్థానంలో ప్రధాన పార్టీల అభ్యర్థులందరూ ఎస్సీలే. పల్లెలో ఓటు వారి మధ్య చీలుతుంది. అప్పుడు గెలుపును తేల్చేది ఊళ్లోని మిగతా కులాలు. 1932లో పూనా ఒప్పందం తర్వాత డాక్టర్ అంబేద్కర్ జీవితాంతం బాధపడింది ఇందుకే: మన పేరున ఉన్న కుర్చీలో ఎవరు కూర్చోవాలో నిర్ణయించేది ఎక్కువగా మనం కాదు. నందిగామ ఫలితం, పక్కనే జనరల్ స్థానమైన జగ్గయ్యపేట ఫలితం ప్రతిసారీ ఒకేలా రావడానికి ఇంతకంటే సూటి వివరణ మాకు తోచడం లేదు.

అయితే పల్లె ఓటుకు చరిత్ర లేదని కాదు. 1968లో కంచికచర్లలో కోటేశు అనే దళిత యువకుణ్ణి దొంగతనం మోపి సజీవంగా కాల్చి చంపారు. చెవిటికల్లుకు అది పొరుగూరి సంగతి, పత్రికలో చదివిన వార్త కాదు. 1982 మార్చి 29న ఎన్.టి. రామారావు తెలుగుదేశాన్ని స్థాపించి, 1983 జనవరిలో అధికారానికి వచ్చినప్పుడు వెనుకబడిన కులాలకు అంతకు ముందెన్నడూ దొరకని చోటు దొరికింది. ఆ పార్టీ అధికారంలో ఉండగానే 1985 జూలై 17న కారంచేడు జరిగింది. ఆ గాయం దళితుల్లో చాలామందిని కాంగ్రెస్ వైపే నిలబెట్టింది. కాంగ్రెస్ పాలనలో 1991 ఆగస్టు 6న చుండూరు జరిగినా ఆ మొగ్గు పూర్తిగా చెదరలేదు. వేరే దారి లేకపోవడం కూడా ఒక రకమైన విధేయతగా కనబడుతుంది. 2014లో రాష్ట్ర విభజన కోపానికి కాంగ్రెస్ ఆంధ్రప్రదేశ్‌లో ఒక్క అసెంబ్లీ సీటు కూడా గెలవలేకపోయింది. ఆ పార్టీ కింద ఉన్న దళిత, క్రైస్తవ, ముస్లిం ఓటు చాలావరకు వైఎస్ రాజశేఖరరెడ్డి జ్ఞాపకంతో పాటు ఆయన కుమారుడి పార్టీకి సంక్రమించింది. కుటుంబం క్రైస్తవ కుటుంబం కావడం దానికి కొంత తోడ్పడింది. ఎంత తోడ్పడిందో కొలిచే సాధనం ఎవరి దగ్గరా లేదు.

2019 నుంచి 2024 దాకా ఆ ప్రభుత్వం పల్లెకు ఇచ్చినవి చిన్నవేమీ కావు. బడులు బాగుపడ్డాయి, ఇంగ్లీషు మాధ్యమం వచ్చింది, అమ్మఒడి వచ్చింది, కాపరులకు నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం వచ్చింది, 2024 జనవరిలో విజయవాడ స్వరాజ్య మైదానంలో అంబేద్కర్ మహా విగ్రహం లేచింది. అదే కాలంలో మాస్కులు లేవని అడిగిన విశాఖ దళిత వైద్యుడు నడిరోడ్డుపై పడ్డ అవమానం, కాకినాడలో అధికార పార్టీ ఎమ్మెల్సీ దగ్గర పనిచేసిన దళిత డ్రైవరు హత్య పల్లెల్లో మాటిమాటికీ చెప్పుకున్న సంగతులు. ఎస్సీ కార్పొరేషన్ రుణాలు అందడం లేదన్న ఫిర్యాదు కూడా నిరుద్యోగ యువకుల నోట బలంగా వినబడింది. భూమి ఉన్న కులాల్లో భూ హక్కుల చట్టం భయం పుట్టింది. అమరావతి ఆగిపోవడంతో కృష్ణకు ఇవతలి గట్టున నందిగామ, కంచికచర్ల రైతు తన ఎకరం ధర పడిపోవడం చూశాడు. ఆ ఎకరంలో కౌలు చేసేవాడికి, కూలికి వెళ్లేవాడికి ఆ ధరతో పని లేదు. ఒకే ఊళ్లో ఒకే ఎన్నికకు ఇన్ని వేర్వేరు కారణాలు ఉండగా, ఫలితాన్ని మతంతో వివరించడం బద్ధకపు పని.

నాయకులైతే ఓటర్ల కంటే వేగంగా కదులుతారు. జగ్గయ్యపేటలో కాంగ్రెస్ తరఫున, తర్వాత వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున గెలిచిన ఉదయభాను, 2024 ఓటమి తర్వాత అదే సంవత్సరం సెప్టెంబరులో జనసేనలో చేరారు. నిన్న ఆయన కోసం పక్కింటివాడితో మాటలు మానేసిన కార్యకర్త ఈరోజు ఎవరితో మాట్లాడాలో తెలియక ఉన్నాడు. మన సంఘాల్లో అటువంటివారు ఇద్దరూ ఒకే బల్ల దగ్గర రొట్టె తీసుకుంటున్నారని కాపరులు గుర్తుంచుకోవాలి.

సంఘాన్ని నేరుగా తాకే మార్పు మరొకటి ఉంది, దానిని గురించి మన పత్రికల్లో రాయడానికి వెనుకాడుతున్నారు. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన మాదిగ దండోరా అడిగింది ఒక్కటే: ఎస్సీ రిజర్వేషన్‌ను జనాభా ప్రకారం పంచండి. రాష్ట్రంలో వర్గీకరణ కొంతకాలం అమలైంది. 2004 నవంబరులో సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఇరవై ఏళ్ల తర్వాత 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, ఆరుగురు ఒకవైపు ఒకరు మరోవైపు, రాష్ట్రాలు వర్గీకరించవచ్చని తీర్పు చెప్పింది. రాజీవ్ రంజన్ మిశ్రా కమిషన్ నివేదిక ఆధారంగా 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ఆర్డినెన్స్ తెచ్చింది. 15 శాతంలో రెల్లి తదితర 12 కులాలకు ఒక శాతం, మాదిగ తదితర 18 కులాలకు ఆరున్నర శాతం, మాల తదితర 29 కులాలకు ఏడున్నర శాతం.

ఇది కేవలం ఉద్యోగాల పంపకం కాదు, ఓట్ల పునర్విభజన కూడా. 2023 నవంబరు 11న సికింద్రాబాద్ సభలో మంద కృష్ణ పక్కన ప్రధానమంత్రి నిలబడినప్పుడే ఆ సంగతి తేటపడింది. దళితులందరూ ఒకే వైపు అన్న పాత లెక్క అక్కడ చెదిరింది. 2024లో మాదిగ పల్లెల్లో కొంత భాగం కూటమి వైపు వెళ్లడానికి ఇది ఒక బలమైన కారణమని మేము అనుకుంటున్నాం. వర్గీకరణ జరిగాక మాల పల్లెల్లో మిగిలిన అసంతృప్తి రేపు ఎటు పోతుందన్నది ఇప్పుడు ప్రతి పార్టీ కార్యాలయంలో వేస్తున్న లెక్క.

సంఘానికి ఇది ఎందుకు బాధ? మన సంఘాలు పుట్టిన తీరు చూడండి. 1859లో కృష్ణా జిల్లా రాఘవాపురంలో పగోలు వెంకయ్య బాప్తిస్మం పొందారు. ఆయన మాల. ఆయన వెంట వచ్చినవారు, ఆంగ్లికన్ మిషన్ కింద ఎదిగినవారు ఈ జిల్లాలో ఎక్కువగా మాలలు. ఒంగోలు వైపు అమెరికన్ బాప్టిస్టు మిషన్‌లో 1878 జూలైలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందినప్పుడు వారిలో అత్యధికులు మాదిగలు. సువార్త ఒకటే, కాని బంధువుల ద్వారా, వాడల ద్వారా వ్యాపించింది గనుక మిషన్ల సరిహద్దులు కులాల సరిహద్దులయ్యాయి. నేటికీ ఒకే ఊళ్లో రెండు మందిరాలు, రెండు మైకులు, రెండు క్రిస్మస్ ఊరేగింపులు ఎందుకున్నాయో అందరికీ తెలుసు, ఎవరూ చెప్పరు. వర్గీకరణ సంఘాన్ని చీల్చిందని బాధపడేవారిని మేము అడిగేది ఇదే: అంతకు ముందు సంఘం ఎక్కడ ఒక్కటిగా ఉంది?

అపొస్తలుల కార్యముల ఆరవ అధ్యాయం ఈ దినాల్లో ప్రసంగాలకు ఎందుకు తీసుకోవడం లేదో మాకు ఆశ్చర్యం. యెరూషలేము సంఘంలో అనుదిన పరిచర్యలో తమ విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని గ్రీకు భాష మాట్లాడేవారు సణిగారు. అంటే వాటా గురించిన తగవు, ఒకే సంఘంలోని రెండు గుంపుల మధ్య. "మీరు ఐక్యతను పాడుచేస్తున్నారు" అని అపొస్తలులు వారి నోరు మూయించలేదు. ఏడుగురిని ఏర్పరచారు. స్తెఫను మొదలు నీకొలాసు వరకు ఆ పేర్లు చదవండి, అన్నీ గ్రీకు పేర్లే. ఫిర్యాదు చేసిన వర్గం చేతికే పంపకం అప్పగించినట్టు కనబడుతుంది. వర్గీకరణను సమర్థించాలా వద్దా అన్నది ప్రతి విశ్వాసి తన మనస్సాక్షితో తేల్చుకోవచ్చు. కాని వాటా అడగడమే శరీరానుసారమని మాదిగ సహోదరునికి బోధించే కాపరి, ఆ బోధ చేసేముందు తన సంఘ కమిటీలో ఎవరెవరున్నారో ఒకసారి లెక్కపెట్టుకోవడం మంచిది.

ఇక జనాభా సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు. తరం నిలబడడానికి కావలసిన 2.1 కంటే ఇది బాగా తక్కువ. ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికల్లో నిలబడరాదని 1994 పంచాయతీరాజ్ చట్టంలో పెట్టిన నిబంధనను 2024 నవంబరులో అసెంబ్లీ ఎత్తివేసింది. ఎక్కువ పిల్లలను కనమని ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడే బహిరంగంగా చెబుతున్నారు. పథకాల తీరు కూడా మారింది. అమ్మఒడి తల్లికి ఒకటి. తల్లికి వందనం బడికి వెళ్లే ప్రతి బిడ్డకూ. ముగ్గురు పిల్లలున్న కూలి తల్లికి ఈ తేడా ఏమిటో ఎవరూ వివరించనక్కరలేదు.

రాష్ట్ర ఓటర్లలో పురుషుల కంటే స్త్రీలు ఎక్కువ. మన మందిరాల్లో అయితే చెప్పనే అక్కరలేదు. మెట్ట ప్రాంతంలో సాగర్ ఎడమ కాలువ చివరి భూముల్లో నీటికి నమ్మకం లేక, కూలి ఖర్చు భరించలేక చాలామంది రైతులు సుబాబుల్ వేశారు. సుబాబుల్‌కు కలుపు తీసే పని లేదు, ఏటా కోత లేదు. మిరప కోతలకు, పత్తి తీతలకు పిలుపులు వచ్చిన పల్లెలో పని దినాలు తగ్గాయి. కుర్రవాళ్లు అరవై అయిదో నంబరు జాతీయ రహదారి పట్టుకుని హైదరాబాద్‌కో విజయవాడకో వెళ్లారు. ఊళ్లో మిగిలింది పింఛను అందుకునే పెద్దలు, గుంపు సంఘాల్లో ఉన్న స్త్రీలు. ఎన్నికల రోజున బస్సెక్కి వచ్చే కుర్రవాడికి ఊరి పార్టీల కంటే తన ఫోనులో చూసినది ఎక్కువ గుర్తుంటుంది. తల్లి ఓటు ఒకవైపు, కొడుకు ఓటు ఒకవైపు వెళ్లడం 2024లో మేము అనేక కుటుంబాల్లో విన్నాం. ఆ రోజు మే 13, ఎండలు మండుతున్నా రాష్ట్రంలో ఎనభై శాతం దాటి ఓటు పడింది. 2024 జూలై 1న మూడు వేల పింఛను నాలుగు వేలయి, బకాయిలతో కలిపి ఏడు వేలు చేతికి వచ్చినప్పుడు ముసలమ్మలు ఏ పార్టీ జెండా పట్టుకోలేదు. కృతజ్ఞత చెప్పారు, ఇంటికి వెళ్లారు. ఆ కృతజ్ఞతకు గడువు ఎంతో 2024కు ముందటి ప్రభుత్వాన్ని అడిగితే తెలుస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాం. 1971 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ క్రైస్తవులు సుమారు 18 లక్షలు, నూటికి నాలుగు పైచిలుకు. 2011లో సుమారు 11 లక్షలు, 1.34 శాతం. ఈ నలభై ఏళ్లలో రాష్ట్ర జనాభా దాదాపు రెట్టింపు అయింది. మన కళ్లెదుట మందిరాలు పెరిగాయి, కాగితం మీద మనుషులు తరిగారు. దీనికి కారణం 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులోని మూడో పేరా. హిందువు కానివారు షెడ్యూల్డు కులాలవారు కారని అది చెప్పింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను, ముస్లిములను చేర్చలేదు. క్రైస్తవుడని నమోదైన దళితుడు ఈ రాష్ట్రంలో బీసీ-సి. దానికి ఒక శాతం రిజర్వేషన్. హాస్టలు సీటు, ఉద్యోగం, కాలనీ ఇల్లు అన్నీ ఒక అక్షరం మీద ఆధారపడినప్పుడు ఆ పేద తల్లి ఏ అక్షరం రాయించిందో మనకు తెలుసు. ఆమెను వేషధారి అనడానికి మాకు నోరు రాదు. ఆమె ముందు ఆ ప్రశ్న పెట్టిన చట్టాన్ని అడుగుదాం.

ఆ చట్టపు అంచు ఎంత పదునైనదో 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు చూపించింది. గుంటూరు జిల్లాలో ఒక పాస్టరు, తనను కులం పేరుతో దూషించి కొట్టారని అట్రాసిటీ కేసు పెట్టారు. క్రైస్తవ మతం తీసుకుని కాపరిగా పనిచేస్తున్న వ్యక్తి ఎస్సీ కారని, చేతిలో ధ్రువపత్రం ఉన్నంత మాత్రాన ఆ చట్టం రక్షణ దొరకదని కోర్టు చెప్పి కేసును కొట్టివేసింది. 1968లో కంచికచర్లకు అటువంటి చట్టమే లేదు, అది 1989లో వచ్చింది. ఇప్పుడు చట్టం ఉంది, కాని తిట్టేవాడికి గుర్తున్న కులం కోర్టుకు గుర్తు లేదు. దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని 2023 మార్చిలో మన అసెంబ్లీ తీర్మానం చేసింది. 2022లో కేంద్రం వేసిన బాలకృష్ణన్ కమిషన్‌కు గడువుల మీద గడువులు ఇచ్చారు. తీర్మానానికి చేయెత్తిన పార్టీలు ఢిల్లీలో ఆ మాట ఎన్నిసార్లు ఎత్తాయో మన ఎంపీలనే అడగవచ్చు.

వచ్చే జనాభా లెక్కలకు ఆధార తేదీ 2027 మార్చి 1. ఇళ్ల నమోదు 2026లోనే. ఈసారి అందరి కులాలూ రాస్తారు. మతం గడి కూడా ఉంటుంది. ఆ తర్వాత నియోజకవర్గాల పునర్విభజన. విభజన చట్టంలోనే ఆంధ్రప్రదేశ్ సీట్లను 175 నుంచి 225 చేయాలని ఉంది. ఎస్సీ స్థానాలెన్ని, ఎక్కడెక్కడ అన్నది లెక్కల్లో తేలిన ఎస్సీ జనాభాను బట్టి. నందిగామ రిజర్వు అయిందీ 2001 లెక్కల మీదనే. అంటే ఒక విశ్వాసి క్రైస్తవుడని రాయిస్తే ఒక రకమైన నష్టం, రాయించకపోతే మరొక రకమైన నష్టం. రాయిస్తే ఎస్సీ సంఖ్య తగ్గి, సీటు కదలవచ్చు. రాయించకపోతే మన సంఖ్య ఒక శాతానికి దిగి, మా మందిరానికి దారి ఇవ్వండి, స్మశానానికి స్థలం ఇవ్వండి అని అడిగినప్పుడు "మీరెంతమంది?" అని కలెక్టరేటులో ఎదురు ప్రశ్న వస్తుంది. కేరళలో నూటికి 18 మంది క్రైస్తవులు పేరుపెట్టి లెక్కకెక్కారు, అక్కడి పార్టీలు వారితో బాహాటంగా బేరమాడతాయి. లెబనానులో అయితే పార్లమెంటు వాటాలు చెదురుతాయన్న భయంతో 1932 తర్వాత జనాభా లెక్కలే తీయలేదు. మన స్థితి ఈ రెండింటికీ భిన్నం. లెక్క తీస్తారు, అందులో మనం ఉంటాం, కాని మన పేరున ఉండం.

ఈ కనబడకపోవడం వల్లనే "పాతిక శాతం మతం మారారు" అని వాట్సాప్‌లో రాసేవారికీ, "మీరు ఒక శాతమే" అని టికెట్లు పంచేవారికీ ఒకేసారి అవకాశం దొరికింది. పార్టీలు మన దగ్గరకు నేరుగా రావు. కులం పేరున ఒక నాయకుడిని, మతం పేరున ఒక కాపరిని పట్టుకుని వస్తాయి. గౌరవ వేతనం వైఎస్సార్ కాంగ్రెస్ ఇచ్చింది, కూటమి ప్రభుత్వమూ కొనసాగించింది. తీసుకోవడం తప్పని మేము అనడం లేదు, ఆకలితో ఉన్న పల్లె కాపరి ఇంట్లో ఆ డబ్బు బియ్యం అవుతుంది. కాని దానికి బదులుగా పులుపిటం అడిగితే ఇవ్వరాదు. చట్టం కూడా ఇవ్వవద్దనే చెబుతోంది. అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతం, కులం పేరు చెప్పి ఓట్లడగడం కూడా అక్రమమేనని 2017 జనవరి 2న సుప్రీంకోర్టు ఏడుగురి ధర్మాసనం నలుగురి మెజారిటీతో తేల్చింది.

2021 ఫిబ్రవరిలో ఎన్నికైన పంచాయతీల అయిదేళ్ల గడువు తీరుతోంది. ఆ ఎన్నికలకు పార్టీ గుర్తులుండవు గాని పార్టీలు ఉంటాయి. అభ్యర్థులు మందిరానికి వస్తారు, కొందరు పరదాలు, మైకు సెట్టు ఇస్తామంటారు. జనాభా లెక్కల ఉద్యోగి కూడా అదే వీధికి వస్తాడు. ఈ రెండు రాకపోకలకు ముందే సంఘ పెద్దలు, స్త్రీల సమాజం, యౌవనస్థులు ఒక ఆదివారం సాయంత్రం కూర్చుని కొన్ని సంగతులు మాట్లాడుకోవాలని మా విన్నపం. మూడో పేరా ఏమిటి, బీసీ-సి ఏమిటి, ఏ గడిలో ఏమి రాయిస్తే ఏమవుతుంది అన్నది న్యాయవాది ఒకరిని పిలిచి తెలుసుకోవాలి. ఫలానాది రాయించండని కాపరి ఆజ్ఞాపించకూడదు, తెలియనివ్వకుండా ఉంచకూడదు. మన వార్డు నుంచి నిలబడే వ్యక్తిని అడగవలసినవి కూడా అక్కడే రాసుకోవచ్చు: ఉపాధి హామీ పనిదినాలు, మాల పల్లెకూ మాదిగ పల్లెకూ వేర్వేరుగా ఉన్న మంచినీటి ట్యాంకులు, వానొస్తే శవాన్ని మోయలేని స్మశానపు దారి. ఆ కూటానికి రెండు మందిరాల వారినీ కలిపి పిలవాలి. ఏ మందిరంలో పెట్టుకోవాలన్నదే తగవు అయితే బడి ఆవరణ ఉంది.